కొట్టిన చెయ్యి

కనకయ్యను యంత్రం దొంగ అన్నది ఒక మంగళవారం ఉదయం, ప్రయోగశాలలో అందరూ టీ తాగుతుండగా. అది దొంగ అనే మాట వాడలేదు లెండి, ఆ మాట మనుషులు తర్వాత చేర్చారు. యంత్రం తెర మీద వేసింది రెండే ముక్కలు: 'చేసినవారు: కనకయ్య. పోలిక: తొంభై ఏడు శాతం.' దాని తొట్టిలో ఉన్నది గుండ్లబావి ఊరిబయట, జనం రాకాసి గుళ్ళు అనే బండరాళ్ళ గుంపులో, మూడువేల ఏళ్ళ నాటి సమాధిలో దొరికిన నల్ల కుండ. కనకయ్యేమో అరవై మూడేళ్ళ కుమ్మరి, అదే గుండ్లబావిలో నిక్షేపంగా బతికి ఉన్నాడు. పైగా ఆ తెర ముందు కూర్చున్న స్వరూపకు కన్నతండ్రి.

స్వరూప ముందు నవ్వేసింది. ఏదో పాత లెక్క యంత్రంలో ఉండిపోయిందనుకుని, కుండను తీసి మళ్ళీ పెట్టింది. సన్నని కిరణం కుండ చుట్టూ తిరిగింది. మట్టిలో అభ్రకం రేకులుంటాయి, కంటికి ఆనవు. కుండ గోడను కొట్టి పెంచే చెక్కబల్లతో దెబ్బ వేసిన చోటల్లా ఆ రేకులు వెల్లకిలా పడుకుంటాయి. దెబ్బ మీద దెబ్బ పడితే కొత్తది పాతదాన్ని తొక్కుతుంది. మట్టి ఆరిపోయాక ఆ వరస ఇక కదలదు. కిరణం ఆ రేకుల్ని చదివి, ఏ దెబ్బ ముందు, ఏది వెనక, ఏది ఎంత బరువు అని తేల్చి, చప్పుడుగా మార్చి వినిపిస్తుంది. మూడువేల ఏళ్ళ కిందటి దెబ్బలు గదిలో వినబడ్డాయి. మూడు గట్టివి, ఒకటి మెత్తనిది, చిన్న ఆగుడు. మళ్ళీ మూడు గట్టివి. స్వరూప చేతిలో టీ కప్పు కింద పెట్టేసింది. చిన్నతనమంతా ఆమె నిద్రలేచింది ఆ చప్పుడుకే.

ఆ యంత్రానికి హస్తలిపి అని పేరు పెట్టినవాడు డాక్టర్ సదాశివరావు, సంస్థ డైరెక్టరు. చేతిరాత మనిషికొకటి ఉన్నట్టే చేతిదెబ్బ కూడా మనిషికొకటే ఉంటుందని ఆయన సిద్ధాంతం. 'ఒక చెయ్యి, ఒక మనిషి' అని ఆయన సభల్లో వేలెత్తి మరీ చెప్పేవాడు. దానికి ఆధారం స్వరూప రెండేళ్ళు తిరిగి నలభై ఊళ్ళ కుమ్మరుల ఇళ్ళ నుంచి తెచ్చిన నలభై కుండలు. వాటిలో ఏ రెండు చేతులూ కలవలేదు. దాని మీద పత్రం అచ్చయింది, పేటెంటు వచ్చింది. కొత్త కుండల్ని పాతవని నమ్మించిన కేసుల్లో కోర్టువారు కూడా యంత్రం మాటను సాక్ష్యంగా తీసుకున్నారు. ఆ సాక్ష్యం మీద ఇద్దరు కుమ్మరులు అప్పటికే జైల్లో ఉన్నారు.

అలాంటి సూత్రానికి ఇప్పుడు మూడువేల ఏళ్ళ కుండ అడ్డం తిరిగింది. కుండ పాతదైతే సూత్రం తప్పు. సూత్రం ఒప్పయితే కుండ కొత్తది. డైరెక్టరుగారికి ఈ రెండింటిలో ఏది నమ్మాలో తేల్చుకోవడానికి పావుగంట కూడా పట్టలేదు. కనకయ్య మూడు నెలలు తవ్వకంలో కూలిపని చేశాడు కదా, అసలు కుండను ఎవరికో దాటించి, తాను చేసింది సమాధిలో పెట్టాడని ఆయన నివేదిక రాశాడు. కుండ వయసు తేల్చిన పరీక్ష ఉంది కదా అని స్వరూప అడిగింది. ఆ పరీక్షకు మట్టి గీసి తీసింది నువ్వే కదా, నిందితుడి కూతురు తీసిన నమూనా చెల్లదన్నాడు. పదకొండేళ్ళుగా ఆమె తీసిన నమూనాలన్నీ చెల్లాయి, ఆమె పేరు లేకుండానే ఆయన పత్రాల్లో అచ్చయ్యాయి. అంత చదువుకున్న మనిషికి తన సూత్రం తప్పేమోనన్న అనుమానం రాలేదు. ఎదుటివాడు దొంగేమోనన్న అనుమానం మాత్రం చిటికెలో వచ్చింది. సాయంత్రంలోగా విచారణ సంఘం వేశారు, స్వరూపను సెలవు మీద పంపారు.

ఆమె గుండ్లబావి చేరేసరికి పోలీసులు వచ్చి వెళ్ళిపోయారు. పోతూ పోతూ సాక్ష్యం కింద కుండలు చేసే సారెను బండిలో వేసుకుపోయారు. సమాధి కుండ మీద సారె తిరిగిన జాడ మచ్చుకైనా లేదు, అది మొదలు నుంచి చివర దాకా చేత్తో కొట్టి పెంచిన కుండ. ఆ సంగతి పంచనామా రాసినవాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా వినేవాళ్ళు లేరు. వాకిట్లో సారె ఉండాల్సిన చోట గుంట మిగిలింది. కనకయ్య ఆ గుంట పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై ఐదేళ్ళు ఆ చక్రం ముందు కూర్చున్న మనిషికి ఇంకెక్కడ కూర్చోవాలో తోచినట్టు లేదు.

"ఐరేని కుండలు వద్దన్నరు బిడ్డా," అన్నాడు కూతుర్ని చూసి.

పెళ్ళింటికి రంగులద్దిన ఐరేని కుండలు కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తీసుకుపోతారు. ఆ ఊళ్ళో ఏ కులం పెళ్ళయినా అవి కనకయ్య ఇంటి నుంచే వెళ్ళాలి. వచ్చే గురువారం పెళ్ళి ఉన్నవాళ్ళు పొద్దున వచ్చి, చనిపోయినవాళ్ళ కుండ ఎత్తుకొచ్చిన చేతుల కుండలు మా పందిట్లో పెట్టలేమని చెప్పి పోయారట. ఆ మాట చెబుతూ కనకయ్య గుంటలోని మట్టిని వేలితో గీశాడు. స్వరూపకు ఒళ్ళు మండిపోయింది. జైలుకు పంపుతామన్నా ఆయన ఇంత కుంగిపోయేవాడు కాదేమో.

ఆమె తండ్రి పక్కన కూర్చుని, ఒక్కొక్క సంగతీ ఓపిగ్గా అడగసాగింది. కొట్టేటప్పుడు మూడు గట్టి దెబ్బలు వేసి నాలుగోది ఎందుకు మెత్తగా వేస్తావు, ఆ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావు అని. కనకయ్య ఆమెను వింతగా చూశాడు.

"నేనెందుకు కొడత? నేను చేస్త. కొట్టేది మీ అవ్వ గదా."

కొట్టేది తల్లేనన్నది స్వరూపకు తెలియని సంగతా? సారె మీద మగవాడు కుండకు మూతీ మెడా తీసి, అడుగులేని మందపాటి గోడను పక్కన పెడతాడు. ఆడవాళ్ళు సారెను ముట్టుకోకూడదు. ఆ మందపాటి గోడ కాస్త ఆరాక, లోపల గుండ్రాయి పట్టి, బయట బల్లతో కొట్టి, కడుపు పెంచి, అడుగు మూసి, దాన్ని కుండను చేసేది ఆడది. కానీ కుమ్మరింట్లో మొదటిదాన్నే 'చేయడం' అంటారు. రెండోది ఉత్త 'కొట్టడం'. నలభై ఇళ్ళలోనూ స్వరూప కాగితం పట్టుకుని, ఈ కుండ ఎవరు చేసిన్రని అడిగింది. బల్ల చేత్తో పట్టుకుని ఉన్న ఆడవాళ్ళే, "మా ఆయన" అని జవాబిచ్చారు. ఆమె రాసుకుంది. పదిహేడో నమూనా దగ్గర అడగను కూడా లేదు, తన ఇల్లే కదా అని కనకయ్య పేరు తానే రాసేసింది. హస్తలిపి చదివేవి దెబ్బలు. దెబ్బలన్నీ ఆడవాళ్ళవి. పేర్లన్నీ మగవాళ్ళవి.

సదాశివరావు మీద వచ్చిన కోపం కంటే ఎక్కువ కోపం ఆమెకు తన మీదే వచ్చింది. ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనే లేదు. తాను మాత్రం ఆ మట్టిలోనే పుట్టింది. పట్నంలో చదివి, ఇంటి మాటను ఫారంలోని గడిలో కూర్చే తొందరలో కన్నతల్లినే బయట వదిలేసింది.

ఈ గొడవంతా వింటూ తల్లి బాలవ్వ లోపల జొన్నరొట్టెలు చేస్తోంది. స్వరూప వెళ్ళి, నీ చెయ్యి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందే అవ్వా అని అడిగింది.

"నా చెయ్యి నాదెక్కడిదే, మా అవ్వది," అంది బాలవ్వ రొట్టె తిప్పుతూ. "మా అవ్వకు వాళ్ళవ్వ ఇచ్చింది. బిడ్డను ముందల కూసోబెట్టుకొని, వీపు మీద దరువేసుకుంట నేర్పుతం. వీపుకొస్తే చేతికొస్తది. నీకు గట్లనే నేర్పిన. మరిచిపోయినవా?"

మరిచిపోలేదు. పదో తరగతి అయ్యాక హాస్టలుకు పోయి, ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు బల్ల పట్టలేదు, అంతే. ఒక ఆడమనిషి వీపు నుంచి ఇంకో ఆడమనిషి చేతికి, అలా ఎన్ని తరాలు. మూడువేల ఏళ్ళంటే నూట ఇరవై మంది తల్లులు. వాళ్ళందరినీ ఈ వాకిట్లో కూర్చోబెడితే వాకిలి నిండదు కూడా. సారె రాకముందు కుండంటే మొత్తం కొట్టుడే, అంటే మొత్తం వాళ్ళదే. సారె వచ్చాక 'చేయడం' అనే మాట సారె వెంట వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళకూ ఫోను చేసింది. ఈసారి ఎవరు చేసిన్రని అడగలేదు, ఎవరు కొట్టిన్రని అడిగింది. ప్రతి ఇంట్లోనూ నవ్వారు. ఇంకెవరు కొడతరు, నేనే అన్నారు. పేరు చెప్పమంటే నవ్వు ఆపి, నా పేరెందుకన్నారు. కొందరు మగవాళ్ళు ఫోను భార్య చేతికివ్వడానికి వెనకాడారు, కొందరు పిలిచి మరీ ఇచ్చారు. ఏ కోడలూ పుట్టింటి ఊళ్ళో పెళ్ళి చేసుకోలేదు. ఒక్కొక్కరూ ఒక్కో ఊరి తల్లి చెయ్యి వెంట తెచ్చుకున్నారు, అందుకే నలభై చేతులూ నలభై రకాలుగా కనిపించాయి. అలా ఊరూరా తిరిగిన ఒక చెయ్యే బాలవ్వతో మళ్ళీ గుండ్లబావికి వచ్చింది. తల్లినీ కూతుర్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు.

ముప్పై ఒకటో నమూనా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ ఇంటాయన జైల్లో ఉన్నాడు. ఆయన భార్య రాధవ్వ, యంత్రం పట్టుకున్న కుండలు తనకు కొట్టుడు నేర్పిన మేనత్త చేతివని, ఆమె పోయి ఇరవై ఏళ్ళయిందని చెప్పింది. "ఈ సంగతి పోలీసులకు అప్పుడే చెప్పిన. మీ ఇంట్ల కుండ నువ్వు చేసినవా, మీ ఆయన చేసిండా అని అడిగిన్రు. ఆయనే అన్న. గదే రాసుకున్నరు," అంది. స్వరూప ఫోను పెట్టేసి, రాధవ్వ పేరు జాబితాలో రాసుకుంది. ఆ మనిషిని జైలుకు పంపిన మాట తాను నింపిన గడిలోదే.

విచారణ ప్రయోగశాలలోనే పెట్టారు. సంఘానికి అధ్యక్షురాలు ప్రొఫెసర్ తాహెరా బేగం, లోహాల మీద పనిచేసి రిటైరైన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. కనకయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఇచ్చిన కుర్చీలో అంచున కూర్చున్నాడు. పదిహేడో నమూనా మీరే చేశారా అని అడిగితే, చేసింది నేను, కొట్టింది ఆమె అని భార్యను చూపించాడు. బాలవ్వ లేచి నిలబడి, యంత్రం పట్టిన చెయ్యి తనదేనని చెప్పింది. వెంటనే సదాశివరావు, అయితే దొంగకుండ ఈమె చేసిందని ఒప్పుకున్నట్టే, రాసుకోండి అన్నాడు. నిజం చెప్పినందుకు నేరం ఒక మనిషి మీద నుంచి ఇంకో మనిషి మీదికి మారింది, అంతే తేడా.

స్వరూప తానూ ఒక కుండ కొట్టి చూపిస్తానంది. గుండ్లబావి చెరువు మట్టి, తల్లి బల్ల, గుండ్రాయి సంచిలో తెచ్చే ఉంచింది. సారె అక్కర్లేదని, ముద్ద నుంచే కొడతానని చెప్పి, నేల మీద గోనె పరుచుకుని కూర్చుంది. తన చెయ్యి కూడా యంత్రం కనకయ్యదే అంటే, చెయ్యి మనిషికొకటి కాదని, నేర్పితే వస్తుందని రుజువవుతుంది. అనకపోతే అక్కడితో అయిపోయినట్టే. తండ్రి దొంగగా, తల్లి దొంగగా మిగిలిపోతారు. మొదటి దెబ్బ వంకరగా పడింది, రెండోది మరీ మెత్తగా పడింది. ఇరవై నాలుగేళ్ళు కీబోర్డు మీద ఆడిన వేళ్ళు రాయిని పట్టలేకపోయాయి. సదాశివరావు గడియారం చూసుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని, లెక్కపెట్టడం మానేసింది. వీపు మీద తల్లి చెయ్యి ఆడినచోట ఏదో కదిలింది. మూడు గట్టివి, ఒకటి మెత్తనిది, చిన్న ఆగుడు. మట్టి లొంగి కడుపు పట్టసాగింది. తల్లి గుండ్రాయి అరచేతి చెమటకు తడిసింది గాని జారలేదు.

కుండ పూర్తయ్యాక ఓవెన్లో రెండు గంటలు ఆరబెట్టి, తొట్టిలో పెట్టారు. కిరణం తిరిగింది. తెర మీద పేరు పడింది: 'చేసినవారు: కనకయ్య. పోలిక: తొంభై నాలుగు శాతం.'

"చేతివాటం ఇంటిల్లిపాదికీ ఉందన్నమాట," అన్నాడు సదాశివరావు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

తాహెరా బేగం ఆయన వంక చూడలేదు. ఆమె కనకయ్యను చూస్తూ, మూడు గంటలుగా ఈయన చేతులు ఎక్కడున్నాయో ఎవరైనా చెబుతారా అని అడిగింది. కనకయ్య చేతులు ఆయన ఒళ్ళోనే, ఒకదానిలో ఒకటి పెట్టుకున్నట్టే ఉన్నాయి. యంత్రమేమో కుండ ఆయనే చేశాడంటోంది. పదిహేడో నమూనా పేరు తప్పయితే మిగతా ముప్పై తొమ్మిది మాటేమిటని ఆమె మళ్ళీ అడిగింది. పావుగంట విరామమిచ్చి, ఫారాలు నింపిన మనిషి వచ్చి తానే జవాబు చెప్పాలంది.

ఆ పావుగంటలో సదాశివరావు వరండాలోకి వచ్చి స్వరూప చేతిలో టైపు చేసిన కాగితం ఒకటి పెట్టాడు. గొంతు మార్చాడు, అమ్మా అని కూడా అన్నాడు. పదిహేడో నమూనాలో పేరు రాయడంలో నా వల్ల పొరపాటు జరిగింది, ఆ ఒక్క నమూనా పక్కన పెట్టగలరు అని అందులో ఉంది. కింద ఆమె సంతకం పెడితే చాలు. కనకయ్య మీద కేసు ఆ సాయంత్రమే తీసేస్తారు, సారె ఇంటికి వస్తుంది, ఆమె ఉద్యోగం ఉంటుంది. సూత్రం కూడా ఉంటుంది. మిగతావాళ్ళ గొడవ మనకెందుకన్నాడు.

స్వరూప వెంటనే కాగితం చింపేయలేదు. చింపేసి ఉంటే బాగుండేది అని తర్వాత అనుకుంది గాని, ఆ క్షణాన ఆమెకు కనిపించింది ఖాళీ గుంట పక్కన గొంతుక్కూర్చున్న తండ్రి. ఆయన పెళ్ళిపందిట్లో మళ్ళీ తలెత్తుకుని నడవాలి, ఆమెకు అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు. బెంచీ మీద ఉన్న తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి కాగితం చదివి వినిపించింది. సంతకం పెడితే ఇంటికి పోవచ్చని చెప్పింది. రాధవ్వ మొగుడు సంగతి కూడా దాచకుండా చెప్పింది.

కనకయ్య అంతా విన్నాడు. కాగితం అడిగి తీసుకుని, చదవడం వచ్చినంత మేర వేలితో వరసలు వెతికాడు.

"దీంట్ల మీ అవ్వ పేరేది?"

"లేదు బాపూ."

"అప్పుడు నువ్వు రాయలే. ఇప్పుడు వీళ్ళు రాయలే." ఆయన కాగితం మడిచి తిరిగిచ్చేశాడు. "నలభై ఏండ్లసంది కొడుతుంటే ముందల కూసోని సూసినోణ్ణి నేను. ఒక్కనాడన్న ఇది నా ఒక్కని కుండ గాదని నోరు తెరిచి అనలే. నా పేరు కొట్టెయ్యి బిడ్డా."

కేసు తెగేదాకా ఊళ్ళో ఆ మాట పడాల్సి వస్తుందని స్వరూప గుర్తుచేసింది. పడతానన్నాడు. అవ్వ మీదికి వస్తే ఎట్లా అని అడిగింది. దానికి బాలవ్వే జవాబు చెప్పింది, పేరు రాస్తే వచ్చే తిప్పలు పేరు లేకుంటే వచ్చేటివాటికన్న ఎక్కువేం గాదని.

లోపలికి వెళ్ళాక ఆమె నలభై ఫారాలూ బల్ల మీద పెట్టి, అన్నీ తప్పేనని చెప్పింది. ఎలా తప్పో, ఏ మాట దగ్గర తప్పో, ఆ తప్పు వల్ల ఎవరు జైల్లో ఉన్నారో చెప్పింది. ఒక చెయ్యి ఒక మనిషి అనే సూత్రానికి ఆధారం లేదని, దాన్ని నిలబెట్టిన లెక్కలు తానే కట్టానని చెప్పింది. సదాశివరావు లేచి, ఈమెను ఇక ఈ సంస్థ గడప తొక్కనివ్వనన్నాడు. తాహెరా బేగం ఆయన్ను కూర్చోమని, తప్పు రాసిన చేత్తోనే దిద్దాలని స్వరూపకు పెన్ను ఇచ్చింది. పక్కన ఫోన్లలో సేకరించిన ముప్పై తొమ్మిది ఆడవాళ్ళ పేర్ల జాబితా ఉంది.

ఆమె మొదట పదిహేడో ఫారమే తీసింది. కనకయ్య అన్న పేరు మీద పెన్ను పెట్టింది. ఎంతైనా తండ్రి పేరు, గట్టిగా నొక్కలేకపోయింది. సన్నగా, పేరు పూర్తిగా చదవగలిగేటట్టు ఒక గీత పడింది.

బాలవ్వ భుజం మీద నుంచి తొంగి చూసింది. ఆమెకు చదువు రాదు గాని దెబ్బ పడిందీ లేనిదీ ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"సరింగ పడలే," అంది. "ఇంకోసారి కొట్టు."